వంక దాటని ఓబుళమ్మ

అనగనగా, మన పెద్దలకు పెద్దలు కూడా పుట్టని కాలంలో, మూడు కొండలుండేవి. నల్లకొండ, ఎర్రకొండ, నీళ్లు పారే వంకకు అవతల స్వామికొండ. ఇవతల కొండల్లో చీపురుగడ్డి కోసుకుని బతికేది ఓబుళమ్మ. పొద్దున్నే లేచేది, స్వామికొండకేసి దండం పెట్టేది, కొడవలి పట్టుకుని పోయేది.

ఒక ఏడు నల్లకొండ కుందేళ్లకు ఎన్నడూ చూడని తెగులు తగిలింది. గడ్డిలో ఎక్కడికక్కడ పడి ఉన్నాయి, ముక్కున నెత్తురుతో. కొనఊపిరితో ఉన్నదాన్ని ఒకదాన్ని ఓబుళమ్మ ఒడిలో కట్టుకుని, ఎర్రకొండ మీది అమ్మోరి దగ్గరికి మోసుకుపోయింది. పసుపునీళ్లు చల్లింది. అది అక్కడే కన్ను మూసింది. నెల తిరక్కుండా ఎర్రకొండ కుందేళ్లూ రాలిపోయాయి.

"తెగులు నా ఒడిలోనే వచ్చింది తల్లీ" అనుకుంది ఓబుళమ్మ. గుంట తీసింది, పూడ్చింది. మళ్లీ తీసింది, మళ్లీ పూడ్చింది. చేతులు పడిపోయాక వంక ఇవతలి ఒడ్డున గుడిసె వేసుకుంది.

ఉగాదికి కోడలు పిలిచింది. "స్వామిని చూద్దాం రా అత్తా."

"నా కోకకు ఏ తెగులంటిందో! నేను దాటనమ్మా."

తిరునాళ్లకు ఊరు పిలిచింది. "నేను దాటను."

పారువేట వచ్చింది. ఎర్రకొండలో కుందేలును పట్టి, స్వామికి చూపి, స్వామికొండ మీద వదలడం ఆచారం. ఊరిపెద్ద చెంగప్ప, ఎర్రకొండలో మిగిలిన ఒక్క కుందేలును బుట్టలో వేసి, నెత్తినబెట్టుకుని మేళతాళాలతో వచ్చాడు. ఓబుళమ్మ దారికడ్డంగా పడుకుంది.

"లేయ్ ముసిల్దానా! కుందేళ్లేమన్నా నీ కడుపున పుట్టినాయా?"

"పుట్టలేదప్పా. నేనే చంపుకున్నా. ఇంక లేచే సత్తువ లేదు. తొక్కుకుంటూ పో. పోయేముందు బుట్ట తెరిచి చూసుకో."

చెంగప్ప మూత తీశాడు. కుందేలు ఒగురుస్తోంది. ముక్కున నెత్తురు. మేళం ఆగిపోయింది. చెంగప్ప ఆమె పక్కనే కూలబడ్డాడు.

"మరి స్వామికేం చూపేదక్కా?"

"దాన్నిక్కడే వదిలెయ్. ఒడి దులుపుకో, కాళ్లూచేతులూ కడుక్కో. అవతలి గడ్డితోనే ఒక కుందేలు బొమ్మను చుట్టుకో. ఆయన కాదంటాడా?"

స్వామి కాదనలేదు.

మరుసటి పారువేటకు ఓబుళమ్మ లేదు. గుడిసెలో, స్వామికొండకేసి తిరిగి పడుకునే పోయింది.

స్వామికొండ మీద ఇప్పటికీ కుందేళ్లు గెంతుతాయి. వంక దాటేవాళ్లు ఇప్పటికీ బట్టలు దులిపి, కాళ్లు కడిగి, "దులిపినాం ఓబుళమ్మా, పోతున్నాం" అంటారు. పారువేటనాడు స్వామి పల్లకి వంక దాకా దిగుతుంది. గడ్డికుందేలును ఒడిలో పెట్టుకుని, స్వామి ఇవతలి ఒడ్డుకేసి చూస్తూ కాసేపు ఆగుతాడు.

ఆమె దాటలేదు కదా, ఆయనే వస్తాడు.