దస్తగిరి తాత ఆఖరి బంటు

పోయిన ఉరుసులో మా తమ్ముడు సుంకన్న నన్ను చదరంగంలో పదమూడు ఎత్తుల్లో ఓడించాడు. ఓడిస్తే ఓడించాడు. లేచి నిలబడి, "మా అన్నకు గుర్రానికీ గాడిదకీ తేడా తెలీదు" అన్నాడు. పదకొండు మంది నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ పేర్లు చెప్తాను.

ఆ వారమే దర్గాకు పోయి దస్తగిరి తాత కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఉరుసు ఆటల్లో ఎవరు కూర్చోవాలో చెప్పేది ఆయనే.

"ఆట నేర్పు తాతా. వచ్చే ఉరుసులో వాణ్ణి కొట్టాల."

"నా మీద ఒక్క ఆట గెలువు మద్దిలేటీ. కూర్చోబెడతా."

గనిలో పని దిగగానే పోయేవాణ్ణి. నాపరాయి మీద ఉలితో గీసిన అరవై నాలుగు గళ్లు. బంటు ముందుకు నడుస్తుంది, ఏటవాలుగా కొడుతుంది. ఏనుగు నిలువూ అడ్డం. శకటు మూలకు మూల. మంత్రికి ఆ రెండు నడకలూ ఉన్నాయి. గుర్రం ఒక్కటే ఇంకోదాని మీంచి దూకుతుంది. రాజుది ఒక్క గడి. ఎదుటివాడి రాజు మీదికి పోతే "షా" అని చెప్పాలి. తప్పించుకునే దారి లేకపోతే ఆట కట్టు.

"ఇదంతా తెలిసె. గెలిచేదెట్లా?" అన్నాను.

"నడిమి గళ్లు పట్టు. గుర్రాలను, శకట్లను ముందు బయటికి తే. రాజును ఓ పక్కకు దాచు. మంత్రిని అప్పుడే పంపొద్దు."

నేను మంత్రినే పంపేవాణ్ణి. తాత దాన్ని ఓపిగ్గా తరిమి తరిమి పట్టేవాడు. "ఎదుటోడి ఎత్తు చూడకముందే నీ చెయ్యి ఉరుకుతాది" అనేవాడు.

ఇంట్లో కంచం ముందు కూర్చున్నా నాకు గళ్లే కనబడేవి. "ముద్ద ఏ గడిలో పెట్టాల్నా అని చూస్తాండావా?" అనేది మా ఆవిడ.

రేపు ఉరుసనగా నాకు గెలిచే ఆట దొరికింది. బయట షామియానాకు కొయ్యలు పాతుతున్నారు. ఆ ఒక్కో దెబ్బా నా గుండెల్లో పడుతోంది. తాత గుర్రాలు పోయాయి, మంత్రి పోయింది. ఆయనకు మిగిలింది మూలన రాజు, అవతలి చివర ఒక్క బంటు. నాకు రాజు కాక మంత్రి, ఏనుగు ఉన్నాయి.

ఆ బంటు గడి గడీ దాటి నా వైపు వస్తోంది. నాకది సుంకన్న నడిచొచ్చినట్టే ఉంది. ఏనుగుతో దాన్ని కొట్టి, గుప్పిట్లో బిగించి, "ఇంకేముంది తాతా నీ దగ్గర?" అన్నాను.

"ఏం లేదు."

"అయితే ఎత్తు వెయ్యి."

"ఎక్కడికి వెయ్యాల?"

చూశాను. ఆ రాజు పక్కనున్న మూడు గళ్లనూ నా మంత్రి కాస్తోంది. అడుగు పెట్టే చోటు లేదు.

"ఓడినట్టే కదా మరి!"

"నా రాజు మీదికి ఎవరొచ్చినారు? షా అన్నావా నువ్వు?"

అనలేదు.

"షా లేదు, నాకు ఎత్తూ లేదు. అట్లాంటి ఆట ఎవరూ గెలిచినట్టు కాదు. మొదటి రోజే చెప్పినా. నువ్వు సుంకన్నను తలుచుకుంటా ఉంటివి."

ఒళ్లు మండింది. "ఇదేం న్యాయం? నీ దగ్గర ఒక్క కాయ లేదు. నా మంత్రి ఉంది, ఏనుగుంది!"

తాత నా ఏనుగును మునుపున్న గడిలో పెట్టాడు. అక్కణ్ణించి పక్కకు జరిపి, తన రాజుకు ఎదురుగా నిలిపాడు. "షా" అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆట కట్టు. ఒక్క ఎత్తు. నా కళ్ల ముందే ఉండింది.

ఏనుగును మళ్లీ వెనక్కి పెట్టి, నా ముందుకు చెయ్యి చాపాడు.

"ఆ బంటు ఇట్లియ్యి. దాని గడిలో పెడతా. నువ్వు ఏనుగును జరుపు, గెలిచినట్టే. రేపు సుంకన్న ముందర కూర్చో."

ఇంత సులువా అనుకున్నాను. చెయ్యి ముందుకు పెట్టాను.

సుంకన్నను బిగించిన గుప్పిట తెరుచుకోలేదు.

తాత అరచెయ్యి అట్లాగే చాపుకుని కూర్చున్నాడు.