ప్లీహం సన్నటి సందులు కట్టుకున్న కథ

ఒకప్పుడు, మనుషులు భూమ్మీదికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్లీహం లోపల గోడలే ఉండేవి కావు.

ప్లీహం ఎక్కడుంటుందో తెలుసా? ఎడమవైపు పక్కటెముకల కింద, పొట్ట చాటున. పిడికిలంత ఉంటుంది, నేరేడుపండు రంగులో. ఏటి ఒడ్డున ఉండే ముత్తి అనే పిల్ల ఒంట్లో కూడా ఒక ప్లీహం ఉండేది. నెత్తురు దాని లోపలికి మెల్లగా వచ్చేది, మెల్లగా వెళ్ళేది. దూరంగా గుండె చప్పుడు వినిపిస్తుంటే ప్లీహం సగం నిద్రలో ఉండేది.

నెత్తురులో ఎర్రకణాలు తిరిగేవి. ఊపిరితిత్తుల దగ్గర గాలి ఎత్తుకుని ఒళ్ళంతా పంచడం వాటి పని. వాటిలో కెంపయ్య అందరికన్నా ముసలివాడు. నాలుగు నెలలుగా తిరుగుతున్నాడు. ఒళ్ళు బిరుసెక్కింది. అయినా ఆగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ముత్తి కొండ ఎక్కుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. వేళ్ళు చల్లబడ్డాయి. వాళ్ళమ్మ ఎరుకమ్మ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది.

"ఊపిరి అందట్లేదా తల్లీ?"

"అందుతోంది కానీ, కాళ్ళదాకా వెళ్ళట్లేదమ్మా."

నిజమే. ముత్తి కాలివేలి సన్నటి దారిలో కెంపయ్య ఇరుక్కుపోయాడు. వంగలేకపోయాడు. అలాంటి ముసలివాళ్ళు ఇంకా ఎన్నో దారుల్లో ఇరుక్కున్నారు. వెనక పడుచు కణాలు బారులు తీరాయి. గుండె గట్టిగా ఒక్క తోపు తోసింది. కెంపయ్య విడివడి, నెత్తురులో కొట్టుకుపోతూ ప్లీహంలోకి వచ్చి పడ్డాడు.

"నావల్లే పిల్ల పడిపోయింది," అన్నాడు.

ప్లీహానికి మెలకువ వచ్చింది. "ఆగాల్సింది నువ్వొక్కడివే కాదు తాతా. కానీ అందరూ ఎర్రగానే ఉన్నారు. అలిసిపోయినవాళ్ళని నేనెలా గుర్తుపట్టను?"

కెంపయ్య తన బిరుసెక్కిన ఒంటిని చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పడుచువాళ్ళు వంగుతారు. మేం వంగలేం."

అప్పుడు ప్లీహం పొడుగాటి కణాలని పక్కపక్కన నిలబెట్టి గోడలు కట్టింది. కణానికీ కణానికీ మధ్య సన్నటి సందు వదిలింది. నెత్తురంతా ఆ సందుల్లోంచే బయటికి పోవాలంది. దానితో ప్లీహానికి నిద్ర లేకుండా పోయింది. ఇక రాత్రీ పగలూ దాని గోడలు ఒరుసుకుంటూ ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారు.

పడుచు కణాలు నడుం వంచి, దారంలా సాగి, అవతల తేలాయి. కెంపయ్య కూడా ప్రయత్నించాడు. తల దూరింది. ఒళ్ళు దూరలేదు. ఆయన వెనకే వచ్చిన మిగతా ముసలివాళ్ళూ అక్కడే ఆగిపోయారు.

"చాల్లే తాతా. కూర్చో."

"అంటే నేనింక పనికిరానా?"

"నీలో ఇనుము ఉంది. అది ఎముకల్లోని మూలుగకి పంపుతాను. దాంతో అక్కడ కొత్తవాళ్ళు పుడతారు."

కెంపయ్య సందులోంచి వెనక్కి జరిగాడు. ఇనుము విడదీసే పెద్ద పెద్ద కణాలు వచ్చి ఆయన్ని చేతుల్లోకి తీసుకున్నాయి. చుట్టూ మసక ఎరుపు వెలుగు.

ఇదంతా చూసిన తెల్లకణాలు అడిగాయి. "నెత్తురంతా ఇక్కడ నెమ్మదిగా నడుస్తోందిగా. మేమూ ఇక్కడే ఉంటాం. జ్వరం తెచ్చే క్రిములు వస్తే పట్టుకుంటాం." ప్లీహం సరేనంది. అవి చిన్న చిన్న ధమనుల చుట్టూ గుంపులుగా చేరాయి.

"ముత్తి లేచిందా?" కెంపయ్య నిద్రమత్తులో అడిగాడు.

ప్లీహం చెవి ఒగ్గి వింది. గుండె నెమ్మదించింది. కాలివేళ్ళు వెచ్చబడ్డాయి.

"లేచింది తాతా. నడుస్తోంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అప్పటినుంచే ప్లీహం లోపల ఎర్రటి మెత్తని చోటు, దాని మధ్య తెల్లటి చుక్కలు ఉన్నాయి. అప్పటినుంచే ఎర్రకణాలు సన్నటి సందుల్లో దూరి వెళుతున్నాయి. దూరలేని ముసలివి అక్కడే ఆగిపోతాయి, వాటి ఇనుము కొత్త నెత్తురవుతుంది.