దవడయ్య రాజీ

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో అన్నీ ఉన్నాయి గానీ ఉప్పు లేదర్రా. ఉప్పుగడ్డలు కావాలంటే కనుమ దాటి సముద్రం ఒడ్డుకు పోవాల్సిందే. తెచ్చినవాళ్లు కనుమ దగ్గర చూపించి, కొంత సుంకంగా అక్కడ పెట్టి పోవాలి. ఆ ఉప్పు బాలింత లేళ్లకీ, లేవలేని ముసలి జంతువులకీ పంచేవాళ్లు. ఆ కనుమకు కాపలా ఈరమ్మ అనే ఎలుగుబంటి.

దవడయ్య అని ఒక కోతి ఉండేవాడు. కోతులకు బుగ్గల్లో సంచులుంటాయి కదా, వాటినిండా ఉప్పు కుక్కుకుని, ఏమీ ఎరగనట్టు కనుమ దాటేసేవాడు. ఆ ఉప్పు ఇచ్చి అడవిలో పళ్లు పుచ్చుకునేవాడు. ఎన్నాళ్లు సాగుతుంది? ఒకరోజు ఈరమ్మ ఆపి, నోట్లో ఏముందని అడిగింది. వాడు ఏం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిస్తే కదా మాట వచ్చేది! ఆవిడ దవడ నొక్కింది. గడ్డలు జలజలా రాలాయి.

ఈరమ్మ ఉప్పంతా జప్తు చేసింది. దొంగచాటుగా దాటించడం నేరం, అడవిలో తీర్పులు చెప్పే ఏనుగమ్మ ముందు విచారణకు పోవాలి. అది వద్దనుకుంటే తప్పు ఒప్పుకుని, దొరికినదానికి రెండింతలు తెచ్చి కట్టి రాజీ చేసుకోవచ్చు.

"రాజీ ఒక్కసారే దవడయ్యా. మళ్లీ దొరికితే ఉండదు," అంది.

వాడు ఒప్పుకున్నాడు, కట్టాడు, బయటపడ్డాడు.

సిగ్గుపడాలా వద్దా? వీడు దారిపొడుగునా లెక్కలేసుకున్నాడు. అన్నిసార్లు దాటిస్తే ఒక్కసారి దొరికాను, పోయింది కాస్త, మిగిలింది బోలెడు అని సంబరపడ్డాడు. దయతలచి వదిలేస్తే, అదేదో సంతలో ధర అనుకున్నాడు వెర్రివాడు. పెళ్లాం సింగారి వద్దు మొర్రో అని మొత్తుకుంది. ఆమె పొట్టను కరుచుకుని ఇంకా పాలు మానని పిల్ల ఉంది. వాడు వినలేదు. ఈసారి ఆమెను కూడా ఒడ్డుకు తీసుకుపోయి, తన బుగ్గలు చాలక ఆమె బుగ్గల్లో కూడా ఉప్పు కుక్కాడు.

కనుమలో ఇద్దరూ దొరికిపోయారు. దవడయ్య గబగబా ఉప్పు కక్కేసి, ఒప్పుకుంటున్నాను, రాజీ చేసెయ్యమన్నాడు. నీ రాజీ అయిపోయింది, నువ్వు విచారణకే అంది ఈరమ్మ. తరవాత, తనూ ఉప్పు ఉమ్మేసిన సింగారి వైపు తిరిగింది.

"నీకిది మొదటిసారి తల్లీ. ఉన్నదున్నట్టు చెప్తే రాజీ చేసుకుని పిల్లతో ఇంటికి పోతావు. ఈ ఉప్పు నీ నోట్లో ఎవరు పెట్టారు?"

ఇంకొకరి చేత నేరం చేయిస్తే శిక్ష రెట్టింపని దవడయ్యకు తెలుసు. నేనే పెట్టానని వాడు ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సింగారి వాడి మొహంలోకి చూసింది. చెప్పొద్దని కళ్లతో సైగ చేశాడు. పిచ్చితల్లి మొగుణ్ణి నమ్మింది. ఎవరూ పెట్టలేదు, నాకే దారిలో దొరికింది అంది.

దారిలో ఉప్పెక్కడ దొరుకుతుంది, అబద్ధమని ఈరమ్మకు తెలిసిపోయింది; అబద్ధం చెప్పినవాళ్లకు రాజీ లేదు. ఏనుగమ్మ ముందు విచారణ జరిగింది. ఒడ్డున వాడు ఆమె నోట్లో ఉప్పు కుక్కడం చూసిన నీటిపిల్లి వచ్చి సాక్ష్యం చెప్పింది. అప్పుడు సింగారి ఏడుస్తూ నిజం ఒప్పుకుంది. ఏం లాభం, వేళ మించిపోయింది. ఆమెకు ఒక వానాకాలం, దవడయ్యకు రెండు వానాకాలాలు రాతిగుంటలో శిక్ష పడింది. చెట్టు మొహం చూడ్డానికి లేదు. పిల్లను సింగారి చెల్లెలికి అప్పగించారు. మొదట్లో గుంట పైనుంచి దాని ఏడుపు వినిపించేది. తరవాత్తరవాత అదీ లేదు.

వానలు వెళ్లాక సింగారిని వదిలారు. ఆ సాయంత్రం ఆమె గుంట అంచుకు వచ్చింది. పిల్ల బాగుందా అని అడిగాడు దవడయ్య.

"బాగుంది. నన్ను చూసి భయపడి, మా చెల్లెలి పొట్టలో మొహం దాచుకుంది. ఆ రోజు నువ్వొక్క మాట చెప్పుంటే నా పిల్ల నాకు దక్కేది."

వాడు కిందనుంచి ఎన్నిసార్లు పిలిచినా ఆమె వెనక్కి తిరగలేదు. వాడికి ఇంకో వానాకాలం మిగిలే ఉంది.

నీతి: తప్పు దిద్దుకోమని ఇచ్చిన అవకాశాన్ని ఆ తప్పుకు ధర అనుకుంటే, చివరికి ఆ ధర మనల్ని నమ్మినవాళ్లు కట్టాల్సి వస్తుంది.