అంచుకు మాత్రం ఉడుత బొచ్చు

అనగనగా, మన ఊరు కాదులే, సముద్రాల అవతల ఇంగ్లండులో ఒక ఊళ్ళో హావిస్ అనే కుట్టుపనామె ఉండేది. ఆమెకు ముసలి తల్లి, పేరు గన్నిల్డ్. అక్కడి చలి మన చలి కాదు. మన చలికి మీ తాతయ్య మఫ్లర్ చుట్టుకుని ఊరంతా కబుర్లాడి వస్తారు. అక్కడైతే మాట నోట్లోనే గడ్డకడుతుంది. తాతయ్య అక్కడ పుట్టాల్సింది.

అందుకని వాళ్ళు అంగీ లోపల బొచ్చుతోలు వేసి కుట్టుకునేవాళ్ళు. దానికీ రాజుగారి చట్టం ఉంది. మెత్తని ఉడుత బొచ్చు దొరలకే. మామూలువాళ్ళకు గొర్రె, కుందేలు. తప్పితే అంగీ లాక్కుంటారు.

ఒక ఏడు గన్నిల్డ్‌కు దగ్గు పట్టుకుంది. అంగీలోని గొర్రెతోలేమో పురుగులు తినేశాయి. "ఈ చలి దాటనేమోనే అమ్మాయీ," అంది.

అప్పుడు ఆ ఊరి దొరసాని వచ్చి తనకో అంగీ కుట్టమంది. "మెడకీ, చేతులకీ, కింద అంచుకీ ఉడుత బొచ్చు వెయ్యి. లోపల ఏమీ వద్దు, ఎవరు చూడొచ్చారు?" ఆ తర్వాత ఆమె చెల్లెలు వచ్చి అదే మాట. ఆ తర్వాత అత్తగారూ అదే మాట. ఆ ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడింది అదొక్కసారే.

కత్తిరించగా మిగిలిన ముక్కలు కుట్టినవాళ్ళవే, అక్కడి ఆనవాయితీ అది. హావిస్ ఆ అరచేతంత ముక్కల్ని అతికి అతికి అమ్మ ముతక అంగీ లోపల వేసింది. అంచుల్లో ఒక్క వెంట్రుక కూడా కనబడకుండా మడిచి కుట్టింది.

ఆదివారం చర్చి తలుపు దగ్గర రాజుగారి మనిషి తనిఖీకి నిలబడ్డాడు. గన్నిల్డ్ మెడ చూశాడు, చేతులు చూశాడు, కింద అంచు చూశాడు. అంతా ముతక ఉన్ని. "వెళ్ళమ్మా," అన్నాడు.

చర్చి లోపల దొరసాని పళ్ళు టకటకలాడుతున్నాయి. అంచు నిండా షోకు, అంగీ నిండా గాలి. వణుకుతూ ముసలామె పక్కన ఒదిగింది. చెయ్యి ఆమె అంగీలోకి జారింది. వెచ్చగా తగిలింది.

"ఇది ఉడుత బొచ్చు కదూ?" అంది చెవిలో.

గన్నిల్డ్ తొణకలేదు. "అవునమ్మా. ఆ తనిఖీ ఆయన్ని పిలవండి. ఇద్దరి అంగీలూ విప్పి చూస్తాడు."

చెల్లెలూ అత్తగారూ అప్పటికే చెవులు రిక్కించారు.

"కుందేలే. మంచి కుందేలు," అంది దొరసాని గట్టిగా. చెయ్యి మాత్రం తియ్యలేదు.

గన్నిల్డ్ ఆ చలి దాటింది, ఆ తర్వాత ఇంకో మూడు చలికాలాలూ దాటింది. దొరసాని ప్రతి ఆదివారం ఆమె పక్కనే కూర్చునేది. పేదవాళ్ళంటే ఎంత ప్రేమో అని ఊరంతా మెచ్చుకుంది.

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో.

కథ కంచికి,
బొచ్చు అంచుకి,
మనం మంచానికి.