చుక్కికి నడక నేర్పిన రాగి

అనగనగా ఒక పెద్ద అడవి ఉండేదర్రా పిల్లలూ. ఆ అడవి అంచున ఈరన్న అనే కాపరి గొర్రెల మందను మేపుకుంటూ ఉండేవాడు. మందకు కాపలాగా ఒక కుక్క ఉండేది. ఒళ్ళంతా ఎర్రగా ఉంటుందని దానికి రాగి అని పేరు పెట్టాడు. రాగి ఒక్కసారి మొరిగిందంటే తోడేలు కూడా దారి మార్చుకునేది.

ఒక ఏడు ఎండలు ముదిరి గడ్డి మాడిపోయింది. మందను తారు రోడ్డు దాటించి, అవతల ఉన్న వాగు ఒడ్డుకు తీసుకుపోవాలి. ఆ రోడ్డు మీద లారీలు రయ్యిమని పోతుంటాయి. మందలో చుక్కి అనే కుక్కపిల్ల ఒకటుంది. నుదుట తెల్ల చుక్క. పాపం, తల్లి లేని పిల్ల. సీతాకోకచిలుక కనబడితే చాలు, ముందూ వెనకా చూడకుండా దాని వెంట పరుగెత్తేది.

ఈరన్న ఒక తాడు తెచ్చాడు. ఒక కొస చుక్కి మెడకూ, రెండో కొస రాగి మెడకూ కట్టాడు.

"ఒరే రాగీ, దీనికి తాడు వెంట నడవడం నేర్పరా. లేకపోతే ఏ లారీ కిందో పడుతుంది," అన్నాడు.

"నాకు వదిలెయ్యి," అంది రాగి.

మొదటి రోజు తాడు బిగుసుకోగానే చుక్కి చతికిలబడింది. "మామా, ఇదేంటి? మెడ ఒరుసుకుపోతోంది," అంది.

"ఒరుసుకుంటే ఒరుసుకోనీ. లే!" అంటూ రాగి బలంగా లాగింది. చుక్కి పొట్ట గులకరాళ్ళ మీద ఈడ్చుకుపోయింది.

సామాన్లు మోసే గాడిద లచ్చి అది చూసింది. "రాగీ, కాస్త ఆగు. ముందు దాన్ని ఆ తాడు వాసన చూడనియ్యి. అది గుంజినప్పుడు నువ్వు ఊరికే నిలబడు. తాడు వదులైనప్పుడు అడుగు వెయ్యి. అదే నీ పక్కకొస్తుంది," అంది.

"అంత తీరిక ఎక్కడిదక్కా? రేపో మాపో రోడ్డెక్కాలి," అంది రాగి.

రెండో రోజు దారిలో ఒక పేడపురుగు ఉండను దొర్లించుకుంటూ పోతోంది. చుక్కి ఆగి వింతగా చూసింది. రాగి గిరుక్కున తిరిగి దాని చెవి కొరికింది. చుక్కి కుయ్యోమంది.

మూడో రోజు చుక్కి ఎక్కడా ఆగలేదు. తోక కాళ్ళ మధ్య దాచుకుని, నేల చూపులు చూస్తూ నడిచింది. సాయంత్రం భయంభయంగా అడిగింది. "మామా, ఈ రోజు సరిగ్గా నడిచానా?"

"మాటలు కాదు, నడు," అంది రాగి. పిల్ల ఎంత ఆశగా అడిగిందో దానికి పట్టలేదు.

మర్నాడు మంద రోడ్డు దాటింది. చుక్కి రాగి పక్కనే దాటింది. "శభాష్ రా రాగీ!" అని ఈరన్న వీపు తట్టాడు. రాగి ఛాతీ విరుచుకుంది. వాగు ఒడ్డుకు చేరగానే ఈరన్న తాడు విప్పేశాడు.

ఆ సాయంత్రం కొండల మీద మబ్బు కమ్మి పెద్ద వాన పడింది. వాగులో ఎర్రనీళ్ళు రావడం మొదలైంది. ఈరన్న హడావుడిగా మందను మిట్ట మీదికి తోలాడు. చూస్తే చుక్కి లేదు.

నీళ్ళు తాగడానికి దిగిన చుక్కి వెనక కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. చుట్టూ తుంగ ఏపుగా పెరిగి ఉంది. పైనుంచి చూస్తే కనబడదు.

రాగి ఒడ్డు వెంట పరుగెత్తింది. "చుక్కీ! ఎక్కడున్నావే? పలుకు!" అని అరిచింది. చుక్కికి సరిగ్గా పైన నిలబడి కూడా అరిచింది. ఎవరూ పలకలేదు. ఇక్కడ లేదనుకుని రాగి దిగువకు పరుగు తీసింది. అప్పటికి నీళ్ళు చుక్కి పొట్ట దాకానే ఉన్నాయి.

ఇంతలో వరద పెరిగింది. ఒక బండ దొర్లుకొచ్చి చుక్కి కాలి మీద పడింది. అప్పుడే లచ్చి ఒడ్డుకు వచ్చి, "చుక్కీ, తల్లీ, ఇక్కడున్నావా?" అంది.

"అత్తా, ఇక్కడ..." అని సన్నటి గొంతు వినబడింది.

లచ్చి నీళ్ళలోకి దిగింది. బండను తలతో నెట్టి, చుక్కి మెడ వెనక చర్మం పళ్ళతో పట్టుకుని ఒడ్డుకు లాగింది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం విరిగింది. ఈరన్న వెదురు బద్దలు పెట్టి కట్టాడు గానీ, ఎముక వంకరగానే అతుక్కుంది. చుక్కి ఇక పరుగెత్తలేదు. సీతాకోకచిలుక ఎగిరిపోతుంటే కూర్చుని చూసేది.

ఒకరోజు రాగి దాని దగ్గరికి వెళ్ళింది. "చుక్కీ, ఆ రోజు నేను నీ నెత్తి మీదే నిలబడి పిలిచానటగా. నీకు వినబడలేదా?"

"వినబడింది మామా."

"మరి ఎందుకు పలకలేదు?"

చుక్కి తల దించుకుంది. "పిలిచేది నువ్వని తెలిసింది. ఆగిపోయానని మళ్ళీ కొరుకుతావేమో అనుకున్నా. నువ్వు వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్నా."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే రాగికి కాస్త తేలికగా ఉండేదేమో. తోడేలును చూసి కూడా తగ్గని తోక ఆ రోజు కిందికి వాలిపోయింది.

"తప్పు నాదేనమ్మా," అంది రాగి.

"అలాగే మామా," అంది చుక్కి మెల్లిగా. లేచి, కుంటుకుంటూ వెళ్ళి లచ్చి కాళ్ళ పక్కన ముడుచుకుని పడుకుంది. రాగి అక్కడే కూర్చుండిపోయింది. ఈరన్న సంకటి ముద్ద తెచ్చి పెడితే ముట్టలేదు.

నీతి: భయపెట్టి నేర్పితే పిల్లలు చెప్పినట్టు నడుస్తారు, కానీ ఆపదలో మనల్ని పిలవరు. ఓర్పుతో నేర్పండి.