ఎస్తేరమ్మ కారు చోక్

డాక్టర్ ఎస్తేరమ్మ పాత ఫారిన్ కారు మళ్లీ ఘాట్ రోడ్డులో నల్లపొగ కక్కి ఆగిపోయింది. తాడు కట్టి మదార్ సాబు షెడ్డుకు లాక్కొచ్చారు. ఆ కారును కిందటి వారం బాగుచేసింది ఆయన శిష్యుడు కదిరప్పే.

"పైన తండాలో సాలమ్మకు నెలలు నిండినాయి నాయనా. రేపు పొద్దెక్కేసరికి ఆడుండాల. బస్సు పోదు. ఇది పోతాదా?" అందామె.

కదిరప్ప తలెత్తలేదు. చీకటి కొండ మీద ఒక ఆడమనిషి తనొక్కడి కోసమే దారి చూస్తున్నట్టు అనిపించింది. గబగబా ఇంజను ఆడించి, కార్బురేటర్ మూత విప్పాడు. గాలి దారిని మూసి ఉండాలని అతననుకున్న చోక్ రేకు సగం తెరుచుకుని ఉంది.

"చూడు ఉస్తాద్, మళ్లీ తెరుచుకున్యాది. ఎంత బిగించినా ఇంతే."

"పెండ్లికూతురి పరదా మాదిరి ఊరికే ఊరికే ఎత్తి చూస్తాండావే. ఎప్పుడు బిగించినావు?"

"ఇట్లే, ఇంజను ఆడించినాక."

మదార్ సాబు కార్బురేటర్ పక్కనున్న గుండ్రటి డబ్బీ విప్పి, లోపలి స్ప్రింగు తీశాడు. గడియారం స్ప్రింగులా చుట్టుకున్న చిన్న రేకు. దాన్ని తన టీ గ్లాసు ఆవిరి మీద పట్టాడు.

స్ప్రింగు కొస మెల్లగా కదిలింది. తీగ మొలక వెలుతురు వైపు తిరిగినట్టు విచ్చుకుంది. గ్లాసు తీసేస్తే, కాసేపటికి మళ్లీ ముడుచుకుంది.

కదిరప్ప ఊపిరి బిగబట్టి చూశాడు. చలికి ముడుచుకుని రేకును మూస్తోంది. వేడికి విచ్చుకుని తెరుస్తోంది. తెరుచుకోవడమే దాని పని. తనేమో దాన్ని పూర్తిగా తెరుచుకోనీకుండా బిగించాడు. ఇంజనుకు గాలాడక పొగ వచ్చింది.

"ఇప్పుడే సరిచేస్తా" అంటూ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

మదార్ సాబు అతని చెయ్యి పట్టి ఇంజను మీద పెట్టాడు. చురుక్కుమంది. కదిరప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చల్లారినాకే బిగించాల. పో, పండుకో" అన్నాడు ఉస్తాద్.

తెల్లవారుజామున మంచు కారు మీద తడిగా పేరుకుంది. ఇంజను రాయిలా చల్లగా ఉంది. స్ప్రింగు బిగించి, డబ్బీ మీది గీతను కార్బురేటర్ మీది గీతకు కలిపాడు కదిరప్ప. రేకు దానంతటదే మూసుకుంది. ఎస్తేరమ్మ తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది.

కాసేపటికి రేకు కొద్దికొద్దిగా లేవసాగింది. కదిరప్ప వేళ్లు దానివైపు పోబోయి ఆగాయి.

"తెరుచుకుంటాంది ఉస్తాద్. ఇప్పుడు నేనేం జేయాల?"

"బానెట్ మూయి."

కదిరప్ప కార్బురేటర్ మూత బిగించి, బానెట్ మూశాడు. కారు కొండెక్కింది. మొదటి మలుపు, రెండో మలుపు దాటినా ఇంజను చప్పుడు తెగలేదు. అది వినబడనంత దూరం పోయేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. అప్పుడు కదిరప్ప గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.