చెవులు చూడమన్న బసవన్న

తుమ్మలదొన గుట్ట మీది బసవన్నకు గోపురం లేదు. నాలుగు రాతి కూసాలు, పైన బండలు, కింద నల్లరాతి ఎద్దు. కొత్తగా వచ్చిన భక్తులు అలవాటు కొద్దీ సంచిలోంచి కొబ్బరికాయ తీయబోతే పూజారి ఆపుతాడు. "ముందు చెవులు చూడండి" అంటాడు. ఎంతటివారైనా ఆ రాతి ఎద్దు చెవుల లోపల, గంగడోలు మడతల్లో, తోక మొదట్లో వేళ్ళు పెట్టి తడిమిన తర్వాతే పూజ. తరతరాల వేళ్ళు ఒరిసి ఆ చెవులు గిన్నెల్లా గుంటలు పడ్డాయి.

పూర్వం ఈ గుట్ట కింద మూడు గొల్లపల్లెలు ఉండేవి. మూడింటికీ కలిపి ఒకే ఆంబోతు, దాన్నే బసవన్న అనేవారు. ఎవరో పెద్దాయన పోయినప్పుడు అచ్చువేసి దేవుడి పేర వదిలినది. అది చేలో పడినా అదిలించేవారు కాదు. ఎదురుపడితే కాళ్ళకు మొక్కి పక్కకు తప్పుకునేవారు.

ఒక ఏడు తొలకరి వెనక ఆవులకు జ్వరాలు తగిలాయి. మేత ముట్టవు, నెమరు వేయవు. మూత్రం ఎర్రగా పోసి, నాలుగు నాళ్ళకు కాళ్ళు చాపేవి. వేపమండలు కట్టారు, పొలిమేరలో పొంగళ్ళు పెట్టారు. తగ్గలేదు. చివరికి బసవన్న పాదం సోకితే పీడ పోతుందని, పెద్ద గొల్ల మద్దిలేటి ఆంబోతు మెడకు పసుపుతాడు కట్టి పాకపాకకూ నడిపించాడు.

మద్దిలేటి వదిన ఓబక్క మొగుడు పోయిన మనిషి. ఆమెకున్నదల్లా బొల్లి అనే చూలావు ఒక్కటే. అందరి పాకల్లోనూ బసవన్న నిలబడి వెళ్తే, ఓబక్క బతిమాలి ఒక రోజంతా బొల్లి పక్కనే కట్టేయించుకుంది. బెల్లం తినిపించింది. నెల తిరక్కముందే బొల్లి మేత మానేసింది.

జావ పోసింది, కషాయం పోసింది, బండల నడుమ దొన గుంట నుంచి నీళ్ళు మోసింది. మోసి మోసి ఒక మిట్టమధ్యాహ్నం ఆవు పక్కకే ఆనుకుని కునుకు తీసింది. కలలో బసవన్న వచ్చి, బరువుగా కూలబడ్డాడు.

"ఓబక్కా, దండాలు చాలు. మూడూళ్ళూ నా కాళ్ళు చూసినాయి, ఒక్కరూ చెవులు చూళ్ళేదు. గోక్కుందామంటే నాకు చేతుల్లేవు. నేను నడిచిన తావునల్లా ఇవి రాలతా ఉండాయి."

"సామీ, నా బొల్లి బతుకుతాదా?"

"నా చేతిలో ఉంటే నిన్ను అడిగేవాణ్ణా? దాని కడుపులో ఉండేదాని సంగతి చూసుకో."

ఓబక్క లేచి గుట్టెక్కింది. బండ నీడన పడుకున్న ఆంబోతు చెవి విప్పి చూసింది. నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులు, సందు లేకుండా. కుంపటి తెచ్చుకుని ఒక్కొక్కటే పీకి నిప్పుల్లో వేయసాగింది. చిటపటలు విని జనం పోగయ్యారు.

"ఓబక్కకు పేలు చూడను ఇంగ మనుషులు దొరకలేదంట" అని ఒకామె నవ్వింది.

"కూసోమ్మే, దీని తర్వాత నీ తలే."

మద్దిలేటి వగరుస్తూ వచ్చాడు. "వదినా! దేవుని ఒంటిమింద చెయ్యేస్తివే! ఊరు మాడిపోతాది."

"మాడేది ఏం మిగిలింది? మొక్కేటప్పుడు నువ్వు మాత్రం చెయ్యి యాడ పెడ్తివి? ఆ కుంపటి ఇట్లా జరుపు."

కుంపటి జరపడానికి వంగినవాడు చెవి లోపల చూశాడు.

"తాడు పట్టి ఇల్లిల్లూ తిప్పింది నేనే గదా వదినా."

"పాకలో కట్టేయించుకునింది నేను. కూసో. ఎడమ చెవి నీది."

ఆ రోజు మొదలు మూడు పల్లెలూ తమ పశువుల చెవులు విప్పి చూసుకున్నాయి. పాకల గోడ నెర్రెల్లో మన్ను మెత్తి, కసువు కాల్చారు. జబ్బు ఒక్క రోజులో పోలేదు. మెల్లగా, విసిగించి విసిగించి తగ్గింది. బొల్లి ఈనింది. దూడను నాకి లేపి, మూడో నాడు పోయింది. ఆ పెయ్యను ఓబక్క ఇరుగు పొరుగు పాలతో సాకింది. రోజూ దాని చెవులు చూసేది.

ఆంబోతు కాలం చేశాక గుట్ట మీదే పూడ్చి ఈ రాతిని నిలిపారు. నేటికీ తొలకరి వెనక వచ్చే సోమవారాల్లో పశువులను ఇక్కడికి తోలుకువస్తారు. కానీ మంద గుట్టెక్కకూడదు. కింది బండ దగ్గరే ఆపి, పిడుదులు ఏరి నిప్పుల గుంటలో వేయాలి. వేళ్ళతో నలపరాదు. ఈ మధ్య ఆ బండ దగ్గరే పశువుల డాక్టరు కూడా మందుతో కూర్చుంటున్నాడు. మనుషులు అడవి దారిన వచ్చి ఉంటే ఒకరినొకరు చూసుకోవాలి. పిల్లల చెవుల వెనక, కుక్కల వేళ్ళ సందున చూడాలి.

బసవన్నకు మొక్కితే జబ్బు రాదని ఇక్కడ ఎవరూ చెప్పరు. చూసే ఓపిక ఇమ్మని మొక్కమంటారు. ఆ మాత్రం ఆయన ఇస్తాడని ప్రతీతి.

దిగే ముందు బసవన్నకు ఎడమ పక్కనున్న చిన్న రాయిని మరువవద్దు. అది బొల్లి. దానికి పసుపు లేదు, కొబ్బరికాయ లేదు. ఆలస్యమైందని తెలిసీ, దాని చెవులు కూడా చూసి వెళ్తారు.